గాలిమిట్టకు పంపిన స్వరాలు

తుఫాను నాలుగో రోజు

ఈ పూట రెండో వడపోత పళ్లెం విప్పి ఉప్పు గీకాను. దుమ్ము లేచినప్పుడల్లా నీళ్ల ప్లాంటుకు కరెంటు సగానికి కోస్తారు. అందుకని మిషన్ చేసే పని చేత్తో చేయాలి. వేళ్ల సందుల్లో ఇంకా మంటగానే ఉంది.

మేం కాపురముండే మజిలీ ఎర్రమెట్టకు ఫరవాలేదు. మేం నేల కింద ఉన్నాం, బ్యాటరీలు నిండుగా ఉన్నాయి. కష్టమంతా గాలిమిట్టకే వచ్చింది. నూట నలభై కిలోమీటర్ల అవతల, గాలి కొలతలు తీసే స్టేషన్ అది. ఇరవై ముగ్గురు ఉంటారు. వాళ్ల సోలార్ పలకలు దుమ్ములో కూరుకుపోయాయి. మొన్న మావాళ్లు బండి తీసుకుని బయల్దేరారు కానీ చెయ్యి చాపితే చెయ్యి కనపడని దుమ్ములో పది కిలోమీటర్లు కూడా పోలేక తిరిగొచ్చారు. దుమ్ము తగ్గేదాకా ఎవరూ వెళ్లలేరు. అది నెలకు తగ్గవచ్చు, ఇంకా ఎక్కువే పట్టవచ్చు.

అక్కడి ఓబులేశన్నతో నాకు ఆరేళ్ల స్నేహం. ముఖాముఖి ఎప్పుడూ కలవలేదు. ఇద్దరం ఆర్కెస్ట్రాకు సంగీతం రాస్తాం. ఈ అంగారకుడి మీద వయొలిన్ చెక్క ఎక్కడిది? మా దగ్గర ఉన్నదల్లా శాంపిల్స్ పెట్టె. భూమి మీద ఎవరెవరో వాయిస్తుంటే ఒక్కొక్క స్వరాన్నీ విడిగా రికార్డు చేసి మా తాతల కాలంలో ఇక్కడికి తెచ్చారు. ప్రతి మజిలీలోనూ అలాంటి పెట్టె ఒకటుంది. అరవై ఒక్క వాద్యాలు, పన్నెండు మెమరీ పలకలు. మేం రాసినవి ఒకరికొకరం పంపుకుంటాం. వయొలిన్ కంటే పెద్దదైన చెల్లో వాద్యానికి నేను రాసే భాగాల్లో తప్పులు పట్టడం ఓబులేశన్నకు అలవాటు.

ఇప్పుడు గాలిమిట్టతో రోజుకు ఒకసారి, మధ్యాహ్నం నాలుగు నిమిషాలు మాత్రమే రేడియో అందుతోంది. ఈ రోజు పనికొచ్చే కబుర్లన్నీ అయ్యాక చివర్లో నాకొక చిన్న కబురు వచ్చింది. రేడియో చూసే మస్తానమ్మ కాగితం మీద రాసుకొచ్చి ఇచ్చింది. అందరూ వంటగదిలోకి చేరారట. దీపాలు ఆర్పేశారట. పాతవి అన్నీ వినేశాం, కొత్తది ఏదైనా పంపగలవా అని ఓబులేశన్న అడిగాడు.

తుఫాను ఆరో రోజు

సంగీతాన్ని ధ్వనిగా పంపాలంటే ఆ సన్నటి లైన్లో నెల పడుతుంది. స్వరపట్టీ అయితే ఇరవై సెకన్లు చాలు. ఏ వాద్యం, ఏ స్వరం, ఎంతసేపు, ఎంత గట్టిగా అన్న అంకెలే కదా. అవి చదివి అక్కడి పెట్టె తన దగ్గరున్న శాంపిల్స్‌తో వాయిస్తుంది.

మొన్న డ్యూటీ దిగగానే కూర్చుని ఏడు నిమిషాల ముక్క ఒకటి రాసి, నిన్న రేడియో అందగానే పంపాను. బూరలు బాగా వాడాను, గదిలో కాస్త వెచ్చగా అనిపించాలని. ఇవాళ జవాబొచ్చింది. మెమరీ పలకలు గడ్డకట్టకుండా ఉండాలంటే వాటిని వెచ్చగా ఉంచాలి, దానికి కరెంటు చాలక నాలుగు పలకలు ఆపేశారట. బూరలు వాటిలోనే పోయాయి. నేను బూరలకు రాసిన చోట్లన్నీ మూగగా వచ్చాయట. అయినా రెండోసారి పెట్టించుకున్నారని రాశాడు.

ఆ మూగ చోట్లు నాకు గుచ్చుకున్నాయి. ఏ వాద్యాలు మిగిలాయో ప్రతిరోజూ జాబితా పంపమని అడిగాను. ఇకమీదట ఉన్నవాటికే రాస్తాను.

తుఫాను తొమ్మిదో రోజు

మా మజిలీ పెద్ద సన్యాసిరావుగారు పొద్దున్నే పంపు గదికి వచ్చారు. గాలిమిట్టలో వంట చూసే సూరమ్మకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. మా డాక్టరు చెప్పేవి పంపడానికే రేడియో సమయం చాలడం లేదు. నాకిచ్చే ఇరవై సెకన్లు వెనక్కి కావాలన్నారు.

"ఆళ్లకి కావలసింది మందు కదమ్మా, పాట కాదు. నువ్వే సెప్పు," అన్నారు.

ఆయన తప్పు మాట్లాడలేదు. నేను వాదించలేదు. తొమ్మిది సెకన్లు మాత్రం ఉంచమన్నాను. తొమ్మిదిలో ఏం పడుతుందని అడిగారు. ఇవాళ సాయంత్రానికి పట్టించి చూపిస్తానన్నాను.

పట్టించాను. ఎనిమిది కొలతల, అంటే ఎనిమిది తాళ ఆవర్తాల, రాగం ఒకటి రాసి, మిగతాదంతా దాన్నే తిప్పి వాడుకోమని అంకెల్లో చెప్పాను. ఇక్కడ రెండు మెట్లు పైకి జరుపు, ఇక్కడ తలకిందులుగా వాయించు, ఇక్కడ వేగం సగం చెయ్యి. ఆరు నిమిషాల సంగీతం ఎనిమిదిన్నర సెకన్లకు వచ్చింది. సన్యాసిరావుగారు కాగితం రెండు వైపులా తిప్పి చూసి సంతకం పెట్టారు.

తుఫాను పదమూడో రోజు

జాబితాలో ఇంక మూడే పలకలు: చెల్లోలు, వేణువులు, చర్మవాద్యాలు. వయొలిన్లు మొన్న పోయాయి. వాటికి రాయకుండా ఉండటం అలవాటు చేసుకోవడానికే ఒక పూట పట్టింది. ఎక్కడ రాగం పైకి ఎక్కినా చెయ్యి వాటి వరుస మీదికే వెళుతుంది.

ఈ రోజు కబురు ఇస్తూ మస్తానమ్మ వెళ్లిపోకుండా నిలబడింది. ఆమె తమ్ముడు జిలానీ గాలిమిట్టలోనే మెకానిక్కు. అక్కడికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో పాత డిపో ఒకటుంది. అందులో బ్యాటరీలు ఉంటాయి, నడిచి వెళ్లి తెస్తానని జిలానీ పట్టుబట్టాడట. సూట్ తుడిచి తలుపు పక్కన పెట్టుకున్నాడట. వద్దని అందరూ చెప్పారు. ఈ దుమ్ములో వంద అడుగులు దాటితే దారి తెలియదు.

"నేను చెప్తే వినడక్కా. చిన్నప్పట్నించీ అంతే. మీ పాట వచ్చేటప్పుడు మాత్రం కదలకుండా కూర్చుంటన్నాడంట, ఓబులేశన్న చెప్పాడు," అంది.

ఆమె నన్నేమీ అడగలేదు. నేనూ ఏ మాటా ఇవ్వలేదు. మనిషిని ఆపడానికి సంగీతం ఎలా రాస్తారో నాకు తెలియదు.

తుఫాను పదహారో రోజు

చెల్లోల పలక ఒక్కటే మిగిలింది. ఒకే ఒక్క చెల్లోకు మూడు నిమిషాల ముక్క రాశాను. రాగాన్ని మోయడానికి తోడుగా వేరే వాద్యం లేదు కాబట్టి ప్రతి స్వరం దగ్గరా ఆగి ఆలోచించాల్సి వచ్చింది. ఆరేళ్లలో ఓబులేశన్న తప్పు పట్టలేని చెల్లో భాగం ఇదే అవుతుందేమో.

తుఫాను పదిహేడో రోజు

ఓబులేశన్న కబురు చిన్నది. "యంత్రం ఆర్పేసినాం వేదమ్మా. ఇంగ పంపొద్దు. నిన్నటిది శానా బాగుండె."

ప్లాంటుకు వెళ్లాను. మూడో పళ్లెం గీకి, బిగించి, మళ్లీ అదే విప్పి గీకుతుంటే పక్కవాళ్లు చెప్పారు, ఇందాకే చేశావు కదా అని.

అప్పుడే నిశ్చయించుకున్నాను. పెట్టె చేసేది ఏమిటి? ఒక్కొక్క మీటకు ఒక్కొక్క స్వరం పెట్టుకుని, పిలిచినప్పుడు దాన్ని పలికిస్తుంది. అక్కడ ఇరవై ముగ్గురు మనుషులున్నారు. ఒక్కొక్కరు ఒక్క స్వరం నిలపగలిగితే చాలు. పాట రానక్కర్లేదు, రాగం తెలియనక్కర్లేదు.

మా అమ్మ ఇక్కడి ప్రార్థన మందిరంలో పాటల బృందాన్ని నడిపేది. గొంతే లేదనుకునేవాళ్లకు కూడా ఒక్క స్వరం ఇచ్చి నిలబెట్టేది. ఆ పద్ధతి నాకు తెలుసు.

సన్యాసిరావుగారి దగ్గరికి వెళ్లి రేపు అరవై సెకన్లు కావాలన్నాను. విషయం చెప్పాను. గాలిమిట్టకు రోజూ ఆయన పేరున ఒక ధైర్యవచనం వెళుతుంది. ఇక అది మానేసి ఆ సమయం నన్నే వాడుకోమన్నారు. ఎలాగూ ఎవరూ వినడం లేదని ఆయనే అన్నారు.

తుఫాను పందొమ్మిదో రోజు

నేను అడిగింది ఇది. ఓబులేశన్న తన గొంతునే శ్రుతిగా పెట్టుకుని, ఒక్కొక్కరూ హాయిగా ఎంతసేపైనా నిలపగల స్వరమేదో కనుక్కోవాలి. ఒకరిది ఇంకొకరికి రాకూడదు. అన్నిటికంటే కింది స్వరానికి ఒకటి, పైదానికి ఇరవై మూడు.

జాబితా వచ్చింది. ఒకటో నంబరు జిలానీ. అంత కిందికి వెళ్లే గొంతు అక్కడ ఇంకెవరికీ లేదని ఓబులేశన్న పక్కన రాశాడు. తనది ఐదు. పద్నాలుగు సూరమ్మ. నెమ్ముతో ఉన్న మనిషిని ఎందుకు చేర్చారని డాక్టరు చేత అడిగించాను. తనను వదిలేసి లెక్కపెడుతుంటే ఆమే నా నంబరేదని అడిగిందట. రెండు తాళాలకు, అంటే రెండు దెబ్బల సేపుకు, మించి నిలపలేనని ముందే చెప్పిందట. రెండు తాళాలు నిలపనివ్వచ్చు, అంతకంటే వద్దు అని డాక్టరు అన్నారు.

రాయడానికి కూర్చున్నాను. ఒక సంగతి ఈ లాగ్‌లో ఉన్నదున్నట్టు రాయాలి. ఒకటో నంబరును ప్రతి కొలతలోనూ పెట్టాను. మిగతా గొంతులన్నీ ఆ స్వరం మీదే నిలబడేలా కట్టాను. అది తీసేస్తే ఏదీ నిలవదు. కావాలనే చేశాను.

తుఫాను ఇరవై ఒకటో రోజు

మొదటిసారి గందరగోళమైందట. ఓబులేశన్న స్వరపట్టీని వంటగది గోడ మీద పెద్ద అంకెలతో రాశాడు. ఒకరు టార్చి పట్టుకుంటే, ఆయన పళ్లెం మీద తాళం వేస్తూ వేలు జరుపుతూ పోయాడు. ఎవరి అంకె వచ్చినప్పుడు వాళ్లు పలకాలి. తొమ్మిదో ఆయన పదో ఆవిడ స్వరంలోకి జారిపోయాడు. పదిహేడుకు నవ్వొచ్చింది. నవ్వు అందరికీ అంటుకుంది. పది రోజుల తరువాత ఆ గదిలో నవ్వు వినపడిందని రాశాడు.

రెండోసారికి సగం దాకా వెళ్లారు. మూడోసారి చివరిదాకా.

నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది. కానీ చివర్లో ఇంకో వాక్యం ఉంది. రేపు తెల్లవారాక బయల్దేరుతానని జిలానీ చెప్పాడట.

రేపటి ముక్కను ఇవాళే పూర్తిచేసి పెట్టుకున్నాను.

తుఫాను ఇరవై రెండో రోజు

మధ్యాహ్నం దాకా మస్తానమ్మా నేనూ రేడియో గదిలోనే కూర్చున్నాం. ఆమె చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లు తీయలేదు. నేను టీ తెస్తే చల్లారిపోయింది.

రేడియో అందిన మొదటి నిమిషంలోనే ఆమె ముఖం మారింది. జిలానీ వెళ్లలేదు. తరువాత ఓబులేశన్న వివరంగా రాశాడు. పొద్దున జిలానీ సూట్ కాళ్లలోకి దూర్చుకున్నాడు. ఎవరూ అడ్డం పోలేదు. సూరమ్మ మాత్రం పడుకున్న చోటి నుంచే అడిగిందట, "ఒకటో నంబరు ఎవురికిచ్చి పోతాండావు?" అని.

జిలానీ ఇద్దరి చేత పాడించి చూశాడు. ఒక్కరూ అంత కిందికి దిగలేకపోయారు. ఈ ఒక్క రోజుకు ఉంటానన్నాడు. సూట్ విప్పి, మళ్లీ తలుపు పక్కనే పెట్టాడు.

మస్తానమ్మ ఏడవలేదు. రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, నా భుజం మీద చెయ్యేసి, రేపటిది రాశారా అక్కా అని అడిగింది.

తుఫాను ఇరవై ఆరో రోజు

రోజుకొకటి పంపుతున్నాను. అక్కడివాళ్లు ఇప్పుడు టార్చి లేకుండానే పాడుతున్నారు. పొద్దున గోడ చూసి ఎవరి భాగం వాళ్లు కంఠతా పడుతున్నారట. జిలానీ ప్రతిరోజూ రేపు వెళతానని అంటూనే ఉన్నాడు.

ఈ రోజు పొద్దున సూరమ్మ పోయింది.

డాక్టరు చెప్పినవన్నీ చేశారు. కావలసిన మందు అక్కడ లేదు. ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. పదిహేనేళ్లుగా వాళ్లందరికీ ఆమే వండి పెట్టింది.

రెండు తాళాలైనా ఆమె చేత పాడించి ఉండకూడదేమో. డాక్టరును అడిగాను. దానివల్ల కాదని ఆయన ఖాయంగా చెప్పారు. అయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పని మాత్రం ఆపదలచుకోలేదు. పద్నాలుగు లేకుండా మళ్లీ కట్టి రేపు పంపుతానని ఓబులేశన్నకు రాశాను.

తుఫాను ఇరవై ఏడో రోజు

ఓబులేశన్న జవాబు: "పద్నాలుగు తీసేయొద్దు వేదమ్మా. ముందు మాదిరే రాయి. ఆయమ్మ పాడే కాడ అందరమూ ఆగుతాం."

నిన్నటి రాతను చింపేశాను. పద్నాలుగుకు రెండు తాళాల చొప్పున తొమ్మిది చోట్ల ఇచ్చాను. ఆ చోట్లలో ఇంకెవ్వరికీ ఏమీ రాయలేదు, ఒకటో నంబరుకు కూడా.

తుఫాను ముప్పై ఒకటో రోజు

పొద్దున ప్లాంటు పై గొట్టం తుడవడానికి వెళితే పై కిటికీ అద్దంలోంచి సూర్యుడు తెల్లటి చుక్కలా కనిపించాడు. కిందికి పరిగెత్తాను. అప్పటికే సన్యాసిరావుగారు రెండు బండ్లూ బయటికి తీయిస్తున్నారు. ఆయనకు అరవై రెండేళ్లు, మోకాలు నొప్పి. మొదటి బండి తనే నడుపుతానన్నారు. ఎవరూ కాదనలేదు.

వాళ్లతో పాటు నా ముక్క కాగితం మీద పంపనా అని అడిగాను. రేడియోలో పంపితేనే ముందు అందుతుంది కదా అన్నారు. నిజమే. పంపాను.

తుఫాను ముప్పై నాలుగో రోజు

చేరారు. ఇరవై ఇద్దరూ బతికే ఉన్నారు.

సన్యాసిరావుగారు బండి రేడియోలో మాట్లాడారు. ఆయన గొంతు నేను అలా ఎప్పుడూ వినలేదు. దారిలో పాత డిపో మీదుగానే వెళ్లారట. పైకప్పు కూలి లోపలంతా దుమ్ముతో నిండిపోయింది, తీయడానికి బ్యాటరీలు ఏమీ మిగల్లేదు. ఆ సంగతి ముందు మస్తానమ్మకు చెప్పమన్నారు. నేను చెప్పాను.

నలభై రెండో రోజు

తుఫాను పోయింది కానీ రోజుల లెక్క మార్చడానికి మనసొప్పలేదు.

గాలిమిట్ట వాళ్లను మా పడమటి గదుల్లో ఉంచాం. ఓబులేశన్నను మొదటిసారి చూశాను. రాసే తీరును బట్టి ఎత్తుగా ఉంటాడనుకున్నాను, నా భుజం దాకానే ఉన్నాడు. ఎడమచేతి రెండు వేళ్లు చలికి పోయాయి. కూర్చోగానే పదహారో రోజు చెల్లో ముక్క గురించే మొదలుపెట్టాడు. ఐదో కొలతలో ఒక స్వరం ఎక్కువైందన్నాడు. నేను ఒప్పుకోలేదు. మస్తానమ్మ అన్నం పెట్టేదాకా వాదించుకున్నాం.

జిలానీ ఆ పక్కనే కూర్చుని ఉన్నాడు. అతనికి ఒక మాట చెప్పాల్సి ఉంది, చెప్పేశాను. ఒకటో నంబరును ప్రతి కొలతలో కావాలనే పెట్టానన్నాను.

"మొదటి రోజే తెలిసిందక్కా," అన్నాడు. "నాకు అంతసేపు ఊపిరి పట్టించింది మీరేగా."

నలభై తొమ్మిదో రోజు

అడిగింది ఓబులేశన్నే. పెట్టెలో ఉన్నవాళ్లను ఒకప్పుడు ఎవరో కూర్చోబెట్టి రికార్డు చేశారు కదా, మమ్మల్నీ అలాగే చెయ్యి అన్నాడు.

పంపు గదిలో చప్పుడు ఆగితేనే పనవుతుంది. సన్యాసిరావుగారు రోజుకు పావుగంట పంపులు ఆపనిచ్చారు. ఒక్కొక్కరూ వచ్చి నిలబడ్డారు. ఎవరి స్వరం వాళ్లు మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి, పొట్టిగా, పొడుగ్గా పాడారు. పదిహేడో ఆవిడకు మళ్లీ నవ్వొచ్చింది. ఆ నవ్వును తీసేయలేదు, వేరే మీటలో పెట్టాను. జిలానీ అన్నిటికంటే చివర వచ్చాడు. మైకు ముందు నిలబడి తన స్వరం అందుకున్నాడు. గోడకు ఆనించిన నా చేతికి ఆ స్వరం తెలిసింది.

ఒక్కొక్క గొంతునూ కోసి, శుభ్రం చేసి, అంకెల వరుసలో పేర్చాను. కొత్త వాద్యం తయారైంది. దానికి గాలిమిట్ట అని పేరు పెట్టి పదకొండు మజిలీలకూ పంపాను. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా మార్చి రాసుకోవచ్చునని జతచేశాను.

యాభై ఎనిమిదో రోజు

దక్షిణపు మజిలీ కొత్తపట్టు నుంచి అరుంధతి అనే ఆవిడ రాసింది. ఆవిడ పరిచయం లేదు. గాలిమిట్ట వాద్యంతో పెద్ద ముక్క ఒకటి కడుతోందట. వాళ్ల పెట్టెలో ఇలాంటి కింది స్వరం ఇంతవరకూ లేదని, ఒకటో నంబరు మనిషికి తన నమస్కారం చెప్పమని కోరింది. చివర ఒక సందేహం అడిగింది. పద్నాలుగో మీట నొక్కితే రెండు తాళాల సేపు ఏ శబ్దమూ రావడం లేదట, వాద్యం మొత్తం ఆగిపోతోందట. దారిలో ఫైలు పాడై ఉంటుంది, ఇంకోసారి పంపగలరా అని.

నమస్కారం జిలానీకి అందజేశాను. తరువాత కూర్చుని జవాబు రాశాను.

ఫైలు బాగానే ఉంది. అది సూరమ్మ. మీ ముక్కలో ఆమెకు కూడా చోటివ్వండి.